తెరచియున్న తలుపు



ఫిలిప్పీ చెరసాల సంగతి మీకు తెలుసు. భూకంపము వచ్చింది, తలుపులు తెరచుకున్నాయి, సంకెళ్లు ఊడిపోయాయి. అయినా పౌలు సీలలు పరుగెత్తలేదు. ఆ తలుపు దగ్గరే నిలబడి, ఈ దినము ఒక నౌకాదళ విమాన చోదకుని జ్ఞాపకము చేసుకుందాము.

ఆయన అమెరికా దేశస్థుడు జాన్ మెకెయిన్. 2008లో అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయినవాడిగా మీలో చాలామంది విన్నారు. రాజకీయాలు అలా ఉంచుదాము. తాత అడ్మిరల్, తండ్రి అడ్మిరల్, ఇద్దరి పేరూ జాన్ మెకెయినే. తాతగారు 1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటును కళ్లారా చూచి, నాలుగు దినములకే కన్నుమూశారు. మనవడు మాత్రం 1958లో నౌకాదళ అకాడమీలో 899 మందికి 894వ వాడుగా గట్టెక్కాడు! పేరు తాతది గాని మార్కులు సొంతవి.

1967 అక్టోబరు 26న హనోయి మీద ఆయన విమానము కూలింది. రెండు చేతులు, ఒక కాలు విరిగి సరస్సులో పడ్డారు. ఆయన బాంబులు వేయవచ్చిన ఊరివారే ఆయనను ఒడ్డుకు లాగారు. కొట్టినవారూ వారిలోనే ఉన్నారు. తండ్రి ఎవరో తెలిసిన తరువాతే ఆసుపత్రికి తీసుకుపోయారు. అప్పుడు ఇంటిపేరు ప్రాణము కాపాడింది.

1968లో తండ్రి పసిఫిక్ ప్రాంత సైన్యములన్నిటికీ అధిపతి అయ్యారు. ఆ రోజుల్లోనే చెరసాల అధికారి కుమారునితో, నిన్ను ఇంటికి పంపిస్తామన్నాడు. మన ఇళ్లలో ఇలాంటి కబురు వస్తే ఏమంటాము? "ఫలానా వారి అబ్బాయి" అన్న ఒక్క మాటతో సీటు, ఉద్యోగము, ఆఖరికి సంఘములో పెత్తనము కూడా వస్తుంటే, ఎవరము కాదంటాము? పైగా ఆయన నిజముగానే జబ్బు మనిషి. వెళ్లిపొమ్మని పక్క గదిలోని ఖైదీయే గోడమీద తట్టి చెప్పాడు.

ఆయన వెళ్లలేదు. ముందు పట్టుబడినవాడు ముందు వెళ్లాలన్నది ఖైదీల నియమము. 1964 నుండి అక్కడ ఉన్నవారున్నారు. అడ్మిరల్ కొడుకు ముందు వెళ్లిపోతే, వెనుక మిగిలిన పేరులేనివారి గుండె ఏమవుతుంది?

దానికి వెల కట్టవలసి వచ్చింది. నాలుగు దినములు కొట్టి, ఆయన చేత నేరాంగీకార పత్రము వ్రాయించారు. ఆ సంతకము గురించి ఆయన తరువాత సిగ్గుతోనే వ్రాసుకున్నారు, దాచలేదు. వీరగాథలు చెప్పేవారు ఈ భాగము వదిలేస్తారు గాని, నాకు ఇదే విలువైనదిగా కనబడుతుంది. తలుపు దాటనివాడు ఉక్కుమనిషి కాడు, విరిగిన మనిషే.

తండ్రి సంగతి ఏమిటి? 1972లో హనోయి ప్రాంతముమీద జరిగిన బాంబు దాడుల ఆజ్ఞలు ఆయన చేతుల మీదుగానే వెళ్లాయి. కొడుకు ఆ నగరములోనే ఉన్నాడు.

ఖైదీలను కలిపి ఉంచిన తరువాత మెకెయిన్ వారికి ఆరాధన నడిపించేవారు. ఒక క్రిస్మస్‌కు బైబిలు కొద్దిసేపు చేతికిస్తే, క్రీస్తు జనన వృత్తాంతము చేతితో వ్రాసుకుని చదివి వినిపించారు.

1973 మార్చి 14న విడుదలయ్యారు. ఆ తరువాత కూడా తల దువ్వుకోవడానికి చేతులు పైకి లేచేవి కావు.

2018 ఆగస్టు 25న కన్నుమూశారు. తాత, తండ్రి ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానములో ఉన్నారు. ఈయన మాత్రం అనాపొలిస్ అకాడమీ శ్మశానములో, తనతో చదువుకున్న స్నేహితుడు చక్ లార్సన్ పక్కన చోటు కోరుకున్నారు.