టీవీలో చూసిందంతా నిజమేనా?



ఒక ఊళ్లో ఒక పెద్దమ్మ ఉంది. పగలంతా కూలి పని. రాత్రి వంట ముగించుకుని టీవీ ముందు కూర్చుంటుంది. సీరియల్ అంటే ఆమెకు ఇష్టం. కానీ చూస్తున్నంతసేపూ విసుక్కుంటూనే ఉంటుంది.

"పట్టుచీర కట్టుకుని, హారం వేసుకుని ఎవరైనా నిద్రపోతారా? గుచ్చుకోదూ?" అంటుంది.

"ఆ పిల్లది పేదిల్లట! మన సర్పంచికి కూడా అంత ఇల్లు లేదు" అంటుంది.

మనవరాలు నవ్వుతుంది. "కథే కదా నాయనమ్మా, పోనీలే" అంటుంది.

చీరలు, నగలు అయితే పోనీలే అనుకోవచ్చు. కానీ కొన్ని అబద్ధాలు ప్రాణం మీదకు తెస్తాయి. కాపురం మీదకు తెస్తాయి. వాటిని పోనీలే అనుకోకూడదు.

సీరియల్లో కోడలు కళ్లు తిరిగి పడిపోతుంది. డాక్టరమ్మ నాడి పట్టుకుని చూస్తుంది. "శుభవార్త! కోడలు తల్లి కాబోతోంది" అంటుంది. పెద్దమ్మ ముగ్గురు పిల్లల్ని కన్నది. "నాకెవరూ అలా చెప్పలేదే!" అంటుంది. ఆమె మాట నిజమే. నాడి చూసి కడుపు నిలిచిందని తేల్చరు. మూత్రం పరీక్ష చేసి చెబుతారు. ఒంట్లో రక్తం తక్కువైనా కళ్లు తిరుగుతాయి. అందుకే కళ్లు తిరిగితే ఊరుకోవద్దు. పరీక్ష చేయించుకోవాలి.

ఇంకోరోజు సీరియల్లో హీరోయిన్ను పాము కరిచింది. హీరో గుడ్డ చింపి కాలికి గట్టిగా కట్టాడు. కత్తితో గాటు పెట్టాడు. నోటితో విషం పీల్చి ఉమ్మేశాడు. ఆమె కళ్లు తెరిచింది.

ఆ రోజు పెద్దమ్మ నవ్వలేదు. ఆమె తోడికోడలు పాము కరిచే చనిపోయింది. అప్పుడు ఇంట్లోవాళ్లు ఇలాగే కట్టు కట్టారు. గాటు పెట్టారు. మంత్రగాడి దగ్గరకు తీసుకుపోయారు. ఆసుపత్రికి చేరేసరికి పొద్దుపోయింది. ప్రాణం దక్కలేదు.

గట్టిగా కట్టు కడితే రక్తం ఆడదు. కాలు చెడిపోవచ్చు. గాటు పెడితే రక్తం కారిపోతుంది. పుండు పడుతుంది. నోటితో పీలిస్తే విషం బయటకు రాదు. మరి ఏం చేయాలి?

పాము కరిచిన మనిషికి ధైర్యం చెప్పాలి. నడిపించకూడదు. కరిచిన కాలూ చెయ్యీ కదలకుండా ఉంచాలి. వాపు వస్తుంది కాబట్టి గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసెయ్యాలి. 108కి ఫోన్ చెయ్యాలి. వెంటనే సర్కారు ఆసుపత్రికి తీసుకుపోవాలి. విషానికి విరుగుడు మందు అక్కడ ఉచితంగా ఎక్కిస్తారు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్క కట్టారు. ఆలస్యం చెయ్యకపోతే చాలామంది బతుకుతారు.

ఇక విడాకుల సంగతి చూడండి. సీరియల్లో భర్త ఒక కాగితం విసిరేస్తాడు. "సంతకం పెట్టు. ఇక నువ్వెవరో, నేనెవరో!" అంటాడు. ఆమె ఏడుస్తూ సంతకం పెడుతుంది. పెట్టె పట్టుకుని వెళ్లిపోతుంది. వారం తిరక్కుండా అతనికి ఇంకో పెళ్లి!

"డిగ్రీ చదివిందట! ఒక్క ముక్క చదవకుండా సంతకం పెట్టింది చూడు!" అని పెద్దమ్మ కోప్పడింది.

హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. దాని ప్రకారం కాగితం మీద సంతకం పెట్టగానే విడాకులు అయిపోవు. మామూలుగా కోర్టే ఇవ్వాలి. ఇద్దరూ ఒప్పుకున్నా ఏడాది విడిగా ఉండి, కోర్టులో అర్జీ పెట్టాలి. ఇష్టపడే ఒప్పుకున్నారా, బెదిరిస్తే ఒప్పుకున్నారా అని కోర్టు చూస్తుంది. భార్య బతికి ఉండగా, విడాకులు కాకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. డబ్బుల్లేవని ఆడవాళ్లు భయపడక్కర్లేదు. వారికి లాయరును ఉచితంగా ఇవ్వాలని 1987లో చట్టం చేశారు. ఆదాయం ఎంతని అడగరు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థను అడగాలి.

పెద్దమ్మ ఒకప్పుడు వేలిముద్ర వేసేది. అది ఏ కాగితమో ఆమెకు తెలిసేది కాదు. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది. చదివాకే సంతకం పెడుతుంది.

మరి కథలు వద్దా? కావాలి. నిజం చెప్పే కథకు బలం ఎక్కువ. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకున్నారు. సారా వల్ల చితికిపోయిన సంసారాల గురించి పాఠం చదివారు. 'ఇది మన కథే' అనుకున్నారు. సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు.

అక్కలారా! సీరియల్ చూడండి. నవ్వండి, ఏడవండి. కానీ మందు సంగతి వస్తే ఆశా కార్యకర్తనో, నర్సమ్మనో అడగండి. చట్టం సంగతి వస్తే తెలిసినవారిని అడగండి. పుస్తకం తెరిచి చదవండి.

"పోనీలే" అనొద్దు. "నిజమేనా?" అని అడుగుదాం.