ప్రత్తిచేని పాట



పెద్దలు నలుగురు చేరినచోట నెల్ల ఈ కాలపు సంగీతమును గూర్చి "అది పాటయా, అరుపా?" అను మాట వినబడుచుండును. రాక్ అనియు, పాప్ అనియు పిల్లలు పిలుచు గానమును గూర్చియే ఆ మాట. దాని మంచిచెడ్డలకు నేను తీర్పు చెప్పబోను. దాని పుట్టుకను మాత్రము చెప్పెదను. ఏలయన, దాని తల్లివేరు మన ఒంగోలు చుట్టుపట్ల నున్నటువంటి ప్రత్తిచేలలోనే యున్నది.

అమెరికా దేశమున మిసిసిపీ నదీప్రాంతపు చేలలో, ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి సంతతివారు ప్రత్తి తీయుచు పాడుకొనెడివారు. ఒకరు ఎత్తుకొనగా పదుగురు అందుకొనుట, పనికి తగిన లయ, నడుమ నొక దీర్ఘమైన కేక, ఇదియే ఆ పాట తీరు. అట్టి పాటలనుండి బ్లూస్ అను గానపద్ధతి యేర్పడెను. 1941లో అలన్ లోమాక్స్ అను సేకర్త రికార్డు యంత్రముతో అచటి స్టోవల్ తోటకు పోయి, ట్రాక్టరు తోలుకొను మడ్డీ వాటర్స్ అను యువకునిచే పాడించెను. తన కంఠమును తానే వినిన ఆ యువకుడు 1943లో షికాగో నగరము చేరి, విద్యుత్ గిటారుతో ప్రసిద్ధుడయ్యెను. 1950లో అతడు రికార్డిచ్చిన యొక పాట పేరునే 1962లో లండను కుఱ్ఱవాండ్రు తమ మేళమునకు పెట్టుకొనిరి. వారే రోలింగ్ స్టోన్స్.

1954లో మెంఫిస్ పట్టణమున ఎల్విస్ ప్రెస్లీ పాడిన తొలి రికార్డు పాటయు, ఆర్థర్ క్రుడప్ అను నల్లజాతి గాయకుడు 1946లో పాడినదే. పాట లోకమెల్ల తిరిగెను. క్రుడప్పునకు న్యాయముగా రావలసిన ధనము మాత్రము అతడు బ్రదికియుండగా సరిగా ముట్టలేదు.

ఇక మన కథ. నాటకరంగమున "వన్స్ మోర్" అనినంతనే పద్యము మరల మ్రోగెడిది. రాగమునకు హద్దు లేదు. గ్రామఫోను పళ్ళెమునకు ఒక ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించి చోటులేదు. పాత్ర యెంతయో పాటయు నంతయే యయ్యెను. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు పాట తెర నెక్కెను. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము వెలసి, లలితగీతమును ఇంటింటికి చేర్చెను. 1974లో ఘంటసాల గతించునాటికి ఆయన గొంతు తెలియని తెలుగుపల్లె యున్నదా? 2023లో 'నాటు నాటు' పాటకు కీరవాణియు చంద్రబోసును ఆస్కార్ బహుమానము నందిరి. ఆ పాటలో ఉపమానములన్నియు పల్లెవే. లోకము మెచ్చినది మన నాటుదనమునే గదా!

అయినను ఆ నాటుపాటకు మూలమైన చేని పాట ఎచట? పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్యచరిత్ర'లో తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు అని పేర్లు పలికినాడు. పేర్లు నిలిచినవి, అతని చెవిని బడిన ఆ వరుసలు మనకు దక్కలేదు. బిరుదురాజు రామరాజు వంటి విద్వాంసులు జానపద గేయములను గూర్చి మహాగ్రంథములు వ్రాసిరి. గ్రంథము మాటను కాపాడును, గొంతును కాపాడజాలదు.

నేను బడిలో రగడలకు గణవిభజన చేసి చూపుచుంటిని. ఆ నడకయే మా వీధిలో మిరపకోతకు పోవు నొక ముదుసలి నోట నిండుగా వింటిని. ఆమెకు వచ్చిన పాట కోడలికి సగమే వచ్చును. మనుమరాలికి పల్లవి మాత్రమే. ఆ పిల్ల కూలికి పోవు ఆటోలో సినిమాపాట మ్రోగుచుండును. పిల్ల తప్పేమున్నది? విన్నదే గదా నోటికి వచ్చునది!

కావున గ్రామపెద్దలకు నా మనవి యొకటి. లోమాక్స్ కారులో మోసికొనిపోయిన యంత్రము చేయు పని నేడు మీ మనుమని చేతి ఫోను చేయును. ఈ కోతలకాలములోనే, ప్రత్తి తీసిన తల్లులను, మిరపకోసిన తల్లులను కూర్చుండబెట్టి, వారి అనుమతితో పాడించుడు. తొందరపెట్టకుడు, మఱచిన చరణము రెండవమారు పాడునప్పుడు జ్ఞప్తికి వచ్చును. పాటకు ముందు పాడినవారి పేరు, ఊరు, ఏ పనికి పాడుదురో చెప్పించుడు. క్రుడప్పునకు జరిగిన అన్యాయము మన తల్లులకు జరుగరాదు. రెండు ప్రతులుచేసి ఒకటి పాడినవారి ఇంట, ఒకటి ఊరి బడిలో ఉంచుడు.

పిల్లల పాటను నిందించుటకు ముందు, మన పాటను వారి చెవిని వేయుట మన ధర్మము. ముదుసలులు వేచియుండరు, వచ్చు కోతలవరకు ఆగవలదు.

సెలవు.