మూసేశాననుకున్న ఫైలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు వల్లనే మనం ఈవేళ తలెత్తుకుని పెన్షను తీసుకుంటున్నాం. ఆ సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. డి.ఏ. బకాయిల గురించి నాకన్నా గట్టిగా మాట్లాడగలవారు వేదిక మీద ముగ్గురున్నారు. నన్ను మాత్రం కార్యవర్గం వారు, "మీ మనవరాలు జర్మనీ వెళ్లి ఇంటర్న్‌షిప్ చేసి వచ్చింది కదా, ఇప్పుడు మన ఇళ్లలో పిల్లలందరూ ఆ మాటే అంటున్నారు, దాని గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. విదేశం సంగతి దేవుడెరుగు, నాకు పాస్‌పోర్టే లేదు. ముప్పైయేడేళ్లు ధవళేశ్వరం ఇరిగేషను ఆఫీసులో గుమాస్తాగా కూర్చుని లేచినవాణ్ణి. అయినా మా ఇంట్లో జరిగింది గనక చెబుతాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది. అదీ చెబుతాను.

ముందు అసలు ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటో చెప్పుకుందాం. మన రోజుల్లో ప్రొబేషన్ అనేవాళ్లం. కొత్తగా చేరిన గుమాస్తాకు హెడ్ క్లర్కుగారు తపాలు రిజిస్టరు చేతికిచ్చి, ఆర్నెల్లు అదే రాయించేవారు. అలా రాస్తూ రాస్తూ ఆఫీసంటే ఏమిటో తెలిసేది. ఇదీ అలాంటిదే. చదువు పూర్తికాకముందే పిల్లవాడు ఒక కర్మాగారంలోనో, ప్రయోగశాలలోనో రెండు మూడు నెలలు పనిచేసి, పుస్తకంలో చదివింది చేత్తో చేసి చూడటం. అది పరాయి దేశంలో అయితే, పనితోబాటు పరాయి మనుషులతో మెలగడం కూడా నేర్చుకోవాలి.

ఇది ఈనాడు పుట్టింది కూడా కాదు. సాంకేతిక విద్యార్థులను ఒక దేశం నుంచి మరో దేశానికి శిక్షణకు పంపేందుకు ఐయెస్టే అనే అంతర్జాతీయ సంఘం 1948లోనే లండన్‌లో ఏర్పడింది. జర్మనీలో డాడ్ అనే విద్యా వినిమయ సంస్థ ఇంకా పాతది, 1925లో హైడెల్‌బర్గ్‌లో మొదలైంది. ఆ డాడ్ వారే మన దేశపు సైన్సు, ఇంజనీరింగు విద్యార్థుల కోసం వైజ్ అనే పథకం నడిపారు. మా మనవరాలు వెళ్లింది ఆ పథకం మీదనే.

2022లో అది సివిల్ ఇంజనీరింగు మూడో సంవత్సరం. దసరా సెలవులకొచ్చి, "తాతయ్యా, వేసవికి జర్మనీ వెళ్దామనుకుంటున్నా" అంది. రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్తానన్నట్టు చెప్పింది. నేనేదో పెద్దరికం చేద్దామని, ఎవరికీ చెప్పకుండా, పేపర్లో ప్రకటన చూసి ఒక కన్సల్టెన్సీకి ఫోను చేశాను. లక్షా ఇరవై వేలిస్తే విదేశంలో ఇంటర్న్‌షిప్ ఖాయమన్నారు. ఇరవై వేలు అడ్వాన్సు పంపించాను. వారం తిరక్కుండా రంగురంగుల లెటర్‌హెడ్డు మీద ఒక ఉత్తరం వచ్చింది. అది చూసి మా మనవరాలు నవ్వలేదు, ఏడవలేదు. "తాతయ్యా, ఇందులో నేను ఏ పని చెయ్యాలో లేదు, ఎవరి కింద చెయ్యాలో లేదు, ఫైలు నంబరు కూడా లేదు. మీ ఆఫీసుకి ఇలాంటి కాగితం వస్తే తీసుకుంటారా?" అంది. తీసుకోను. వెనక్కి కొట్టేస్తాను. ముప్పైయేడేళ్లు కాగితాల్లో లోపాలు వెతికి బతికినవాణ్ణి, సొంత డబ్బు దగ్గరకొచ్చేసరికి కళ్లజోడు తీసేశాను. ఆ ఇరవై వేలు ఇప్పటికీ రాలేదు. మీలో ఎవరికైనా అలా జరిగితే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యండి. నేను సిగ్గుపడి ఊరుకున్నాను.

అసలు పద్ధతి వేరే ఉంది. ఆ పథకంలో మనిషి ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. తనకు పనికొచ్చే విషయం మీద పరిశోధన చేస్తున్న ప్రొఫెసరును విద్యార్థే వెతుక్కుని, ఉత్తరం రాసి, ఆహ్వానపత్రం తెప్పించుకోవాలి. మా పిల్ల నలభై మూడు మందికి రాసింది. అయిదుగురు జవాబిచ్చారు. నలుగురు ఖాళీ లేదన్నారు. ఒక్కరు రమ్మన్నారు. ఆ ఒక్కరిది డ్రెస్డెన్ నగరం, అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో నీటి ప్రయోగశాల. హ్యూబర్ట్ ఎంగెల్స్ అనే ప్రొఫెసరు 1898లో అక్కడ నదుల మీద నమూనా పరిశోధనలకు శాశ్వత ప్రయోగశాల పెట్టాడట. ఆ పేరు వినగానే నాకు మా ఇరిగేషను వాసన తగిలింది.

దరఖాస్తు ఆమోదమైంది. నెలనెలా భృతి వాళ్లే ఇస్తారు, విమానం చార్జీకి కొంత ఇస్తారు. ఇక ఇంట్లో ఆమోదం కావాలి. మా అల్లుడుగారు మెత్తని మనిషి. "మామయ్యగారు ఎలా అంటే అలా" అని బంతి నా కోర్టులోకి నెట్టారు. ఆ రాత్రి భోజనాలయ్యాక అందరూ నా మొహం చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, "ఆడపిల్ల... ఒక్కతీ... అంత దూరం..." అని మొదలుపెట్టాను.

మా అమ్మాయి మాట్లాడకుండా లేచి లోపలికెళ్లింది. పాత ట్రంకుపెట్టెలోంచి ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టింది.

అది 1997 నాటి కాగితం. మా అమ్మాయి అప్పుడు ఇంజనీరింగు మూడో సంవత్సరం. ఇందాక చెప్పిన ఐయెస్టే ద్వారా పోలండ్‌లో ఎనిమిది వారాల శిక్షణకు దానికి అవకాశం వచ్చింది. ఇంటర్న్‌షిప్ అనే మాట అప్పుడు మా ఇళ్లలో లేదు, ప్రాక్టికల్ ట్రైనింగ్ అనేవారు. అక్కడ తిండికీ గదికీ వాళ్లే ఇస్తారు, రానుపోను విమానం చార్జీ మనం పెట్టుకోవాలి. నేను ఒప్పుకోలేదు. డబ్బు లేదన్నాను. డబ్బు లేకపోవడం నిజమే. కాని జి.పి.ఎఫ్. లోను పెడితే వచ్చేది. ఆ ఏడాదే మా ఇంటికి డాబా మీద గది వేయించడానికి అదే లోను పెట్టాను కూడా. అసలు కారణం భయం. నలుగురూ ఏమనుకుంటారో అని భయం, రేపు సంబంధాలు వస్తాయో రావో అని భయం. అది రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు మామూలుగా కాలేజీకి వెళ్లింది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. వ్యవహారం ముగిసిందనుకున్నాను.

మన ఆఫీసు భాషలో చెబితే మీకు బాగా అర్థమవుతుంది. నేను ఎల్.డిస్. చేసేశాననుకున్న కాగితాన్ని, మా అమ్మాయి ఆర్.డిస్. చేసి పాతికేళ్లు భద్రపరచింది.

"నాన్నగారూ, మీరు ఏం చెప్పినా ఫరవాలేదు. ఇది ఒకసారి చూసి చెప్పండి" అంది. అంతే. ఒక్క మాట ఎక్కువ అనలేదు. అన్నా బాగుండేది.

నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. తర్వాత, "వీసాకి ఏమేం కాగితాలు కావాలో లిస్టు ఇలా పట్రా" అన్నాను.

ఇక అక్కడి నుంచి నా ఇలాకా. మనవరాలి ప్రయాణం ఫైలు నేనే నడిపాను. జర్మనీలో తొంభై రోజులు మించని బసకు షెంగెన్ వీసా సరిపోతుంది. దానికి కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా ఉండాలి. పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు ఉండాలి. అన్నిటికీ మూడేసి నకళ్లు, పైన విషయసూచిక, పేజీ నంబర్లు వేసి ఇచ్చాను. హైదరాబాదులో వీసా కేంద్రంలో ఆ అమ్మాయి ఫైలు చూసి, "ఎవరు సర్దారండీ ఇది?" అని అడిగిందట. నా సర్వీసులో రాని గుడ్ సర్వీసు ఎంట్రీ అది.

2023 మే నెలలో వెళ్లింది. డెబ్భై రోజులు. మొదటి వారంలోనే ఒకరాత్రి పదకొండున్నరకు ఫోను. వేసవిలో మనకు వాళ్లకు మూడున్నర గంటల తేడా, అక్కడ రాత్రి ఎనిమిది. ఎనిమిదన్నా అక్కడ వెలుతురు ఇంకా పోలేదు. ఏడుస్తోంది. ఏమిటంటే, పప్పుకు ఎండుమిరపకాయ తాలింపు వేసింది, పొగకు గదిలో ఫైర్ అలారం మోగింది. పక్క గదుల పిల్లలంతా పరుగున వచ్చారు. ఒక జర్మను అమ్మాయి కిటికీలు తెరిచి, గంట ఆపించి, ఆ పప్పు రుచి చూసి వెళ్లిందట. అలారం గురించి కాదు ఆ ఏడుపు. ఇంటి మీద బెంగ. మా ఆవిడ ఫోను తీసుకుని, "తాలింపు మానెయ్యవే, నెయ్యి వేసుకు తిను" అంది. సమస్య తీరిపోయింది.

అక్కడ ఆదివారం దుకాణాలుండవు. మొదటి ఆదివారం బిస్కట్లతో గడిపింది. ఖాళీ నీళ్ల సీసా తిరిగిస్తే పాతిక సెంట్లు వెనక్కిస్తారు. మొదట తెలియక పారేసింది, తెలిశాక గదిలో పిల్లలందరి సీసాలూ పోగుచేసింది. ఆ మే నెలలోనే అక్కడ నెలకు 49 యూరోల టిక్కెట్టు పెట్టారు. దేశమంతా సిటీ బస్సులు, ట్రాములు, ప్యాసింజరు రైళ్లు ఎక్కవచ్చు. మన లెక్కన నాలుగున్నర వేల లోపే. ఆ టిక్కెట్టు మీద శనివారాలు ఊళ్లు చూసింది.

పని సంగతి చెప్పాలి. పెద్ద పరిశోధన చేయిస్తారనుకుని వెళ్లింది. మొదటి మూడు వారాలు ఇసక జల్లెడ పట్టించారు, కాలవ నమూనాలో నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాయించారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అంకెలే. "తాతయ్యా, ఇందుకా ఇంత దూరం వచ్చింది?" అంది. నేను, "మా గేజి రీడరు ముప్పై ఏళ్లు అదే చేశాడమ్మా. 1986 వరదలో ఆయన అంకె తప్పితే డెల్టా ఏమయ్యేది?" అన్నాను. కొట్టివేత వస్తే దిద్దవద్దు, ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకం పెట్టి, తేదీ వెయ్యమన్నాను. అది మనందరికీ హెడ్ క్లర్కులు నేర్పిందే. నెల తిరిగాక ప్రొఫెసరుగారు ఆ పుస్తకం చూసి, ఇలా రాయడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగారట. ఆ తర్వాత లెక్కల పని, బొమ్మల పని ఇచ్చారు.

జూన్‌లో ఒక ఫోటో పంపింది. ఎల్బ్ నది ఒడ్డున గోడ మీద వరద గుర్తులు. 1845లో 8.77 మీటర్లు. 2002 ఆగస్టు 17న 9.40 మీటర్లు. ఆ ఫోటో చూస్తే నాకు 1986 ఆగస్టు 16 గుర్తొచ్చింది. భద్రాచలంలో 75 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. మూడు రాత్రులు ఆఫీసులోనే ఉండి వైర్‌లెస్ కబుర్లు రాసుకున్నాం. ఈ సభలో నాతో ఉన్నవాళ్లు ఇద్దరున్నారు. ఎక్కడి ఎల్బ్, ఎక్కడి గోదావరి! 2002లో దానికీ, 1986లో మన గోదావరికీ కోపం వచ్చింది ఆగస్టు నెలలోనే.

అది తిరిగొచ్చాక నన్ను కాటన్ బ్యారేజి దగ్గరకు తీసుకెళ్లి, గేజి చూపించి, మొదటి హెచ్చరిక 11.75, రెండోది 13.75, మూడోది 17.75 అడుగులు అని నాకే పాఠం చెప్పింది. నాకు తెలియదన్నట్టు విన్నాను. ఇప్పుడది నదుల వరదల మీదనే ఎం.టెక్. చదువుతోంది. విదేశానికి వెళ్లిన ప్రతి పిల్లా అక్కడే ఉండిపోతుందన్న భయం మనకొద్దు. ఉండిపోతే అదీ వాళ్ల జీవితమే.

నా తోటి పెన్షనర్లకు మూడు మాటలు. పిల్లలు విదేశీ శిక్షణ అంటే వెంటనే కాదనకండి, అవుననీ అనకండి. ఎవరు పిలుస్తున్నారు, ఏం పని, ఎన్ని రోజులు, ఖర్చు ఎవరిది అని నాలుగు ప్రశ్నలు అడగండి. ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు డబ్బు కట్టమన్న చోట లేచి వచ్చెయ్యండి. ఇక మూడోది, బ్రతికున్నామని మనం ఏటా ట్రెజరీకి సర్టిఫికెట్టు ఇస్తున్నాం. ఇంట్లో పిల్లలకు కూడా అప్పుడప్పుడు ఇస్తుండాలి. వాళ్ల కాగితాలు సర్దిపెట్టడం అలాంటి సర్టిఫికెట్టే.

చివరిగా, మా అమ్మాయి ఈ సభకు వచ్చింది. మూడో వరుసలో వాళ్లమ్మ పక్కన కూర్చుంది. ఇంట్లో చెబుదామని మూడేళ్లుగా అనుకుంటున్నాను, నోరు రాలేదు. మైకు ముందైతే వెనక్కి పోలేం గనక ఇక్కడ చెబుతున్నాను. అమ్మా, 1997లో నీ కాగితం మీద నేను రాసిన నోటు తప్పు. డబ్బు లేదని రాశాను. ధైర్యం లేదని రాయవలసింది. ఆలస్యమైంది. రికార్డులో ఈ దిద్దుబాటు ఒక్క గీత గీసి, పొట్టి సంతకం పెట్టి, ఈవేళ్టి తేదీ వేస్తున్నాను.