బిల్లుల ప్రింటరుకు తాళం ఎక్కడ వేయాలి?

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల సంఘ కార్యదర్శుల, గుమాస్తాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు వెన్న శాతం గురించి గాని, దాణా గురించి గాని నేను మాట్లాడబోవడం లేదు. ఆఫీసులో మూల బల్ల మీద ఉండే ప్రింటరు గురించి చెబుతాను. చిన్న విషయమని నవ్వకండి. పాలు పోసిన రైతు చేతికి సంఘం ఇచ్చే రుజువు ఆ యంత్రంలో నుంచి వచ్చే కాగితమే.

నేను గతంలో పనిచేసిన ఒక కార్యాలయంలో వరుస నంబర్లు అచ్చువేసిన బిల్లు కాగితాలు ప్రింటరులో పెట్టి గుమాస్తా టీకి వెళ్ళాడు. పక్క గదిలోని మాక్ లాప్‌టాప్ నుంచి ఎవరో పిల్లవాడి పరీక్ష పాఠాలు 30 పేజీలు కొట్టారు. 30 నంబర్లు పాడైనవి. వాటిని రిజిస్టరులో రద్దు చేసి, సంతకాలు తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టేసరికి చెల్లింపు రెండు రోజులు వెనక్కి పోయింది. ఒక్క గేదె పాలతో ఇల్లు గడుపుకునే ఆమె రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగి వెళ్ళింది. ఆ తరువాత మేము తాళం వేశాము. కాని తప్పు తలుపుకు వేశాము.

లెక్కల బల్ల మీద విండోస్, ఇంకొక యంత్రంలో లినక్స్, ఆడిటరుగారి వద్ద మాక్, అందరి జేబుల్లో ఫోన్లు. ఇట్టి ఆఫీసులో మొదట ప్రింటరు ఏ రకమో చూసుకోవాలి. డాట్ మాట్రిక్స్ యంత్రం సాధారణంగా తీగతో ఒక కంప్యూటరుకే తగిలించి ఉంటుంది. మిగతావారందరూ ఆ కంప్యూటరు ద్వారానే రావాలి కనుక అక్కడ తాళం చాలు. విండోస్‌లో ఆ ప్రింటరు ప్రాపర్టీస్ తెరిచి సెక్యూరిటీ పుట చూస్తే, మామూలుగా ‘ఎవ్రీవన్’ అనే పేరుకు అనుమతి ఉంటుంది. దానిని తీసివేసి బిల్లులు చేసేవారి పేర్లు చేర్చండి. కొందరు తొందరలో ‘ఎవ్రీవన్’ ఎదుట ‘డినై’ గడిలో టిక్కు పెడతారు. నిరాకరణ అనుమతిని మించినది. బిల్లుల గుమాస్తాకే దారి మూసుకుపోతుంది. లినక్స్, మాక్ వారికి ఆ విండోస్‌లోనే ఒక ఖాతా, పాస్‌వర్డు ఇవ్వండి. గెస్టు ఖాతా తెరిచిపెట్టడం సులువే గాని, వచ్చినవాడెవడో తెలియదు.

నేరుగా నెట్‌వర్కుకు తగిలే లేజర్ ప్రింటరు సంగతి వేరు. దానికి సొంత చిరునామా ఉంటుంది. చాలావాటిలో 9100 నంబరు ద్వారం ఎవరి పేరూ అడగదు, పంపినదల్లా అచ్చువేస్తుంది. 631 నంబరు ద్వారం మాక్, లినక్స్, ఫోన్లు వాడే దారి. మేము విండోస్‌లో పెట్టిన అనుమతి ఈ రెంటినీ తాకనేలేదు. ముందు వాకిలికి తాళం వేసి దొడ్డి తలుపు తీసి ఉంచినట్టయింది.

కనుక తాళం ప్రింటరులోనే పడాలి. బ్రౌజరులో దాని చిరునామా కొడితే అమరికల పుట వస్తుంది. ముందుగా అక్కడి అడ్మిన్ పాస్‌వర్డు మార్చండి. తరువాత చిరునామాల వడపోతలో ఒక్క కంప్యూటరునే అనుమతించండి. అందరూ దాని గుండా రావాలి. అది విండోస్ అయితే ఇందాక చెప్పిన పద్ధతే. లినక్స్ అయితే ‘కప్స్’లో అనుమతించినవారి పట్టిక రాయవచ్చు. 1999లో వచ్చిన ఈ కప్స్‌నే 2002 నుంచి మాక్ కూడా వాడుతున్నది. పట్టికతో పాటు పాస్‌వర్డు కూడా అడిగేలా పెట్టండి. లేకపోతే వచ్చినవాడు చెప్పిన పేరునే అది నమ్ముతుంది. వడపోత లేని ప్రింటరైతే నెట్‌వర్కు నుంచి తీసి తీగతో ఒక కంప్యూటరుకు తగిలించడమే మేలు.

కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు కొత్త చిరునామాలు పంచవచ్చు. ఆ కంప్యూటరుకు, ప్రింటరుకు చిరునామాలు స్థిరపరచండి. వైఫై డైరెక్ట్ ఆపివేయండి; అది రౌటరుతో పనిలేకుండా ఫోనును లోపలికి రానిస్తుంది.

ఆ ఒక్క కంప్యూటరు చెడిపోతే బిల్లులు ఆగవా అని కోదాడ మిత్రులొకరు ఇందాక అడిగారు. ఆగుతాయి. అందుకే రెండవ కంప్యూటరు చిరునామా కూడా వడపోతలో చేర్చి, అందులోనూ అవే అనుమతులు పెట్టి ఉంచండి. సూర్యాపేట, మిర్యాలగూడ వారికీ ఇదే జవాబు.

బిల్లుల ముందు రోజున ప్రతి యంత్రం నుంచి, ఒక ఫోను నుంచి, తెల్ల కాగితం మీద ఒక్కొక్క పేజీ కొట్టి చూడండి. రాకూడని కాగితం వచ్చిందంటే ఇంకొక తలుపు ఎక్కడో తెరిచి ఉన్నదన్నమాట.