రామా అనే చీకటి లోకం

ఆర్థర్ సి. క్లార్క్ 1973లో వెలువరించిన ‘రాందెవూ విత్ రామా’ నవల గురించి నాలుగు మాటలు.

2131లో సౌరకుటుంబంలోకి బయటినుంచి ఏదో దూసుకొస్తుంది. గ్రహశకలం అనుకుంటారు. తీరా చూస్తే 50 కిలోమీటర్ల పొడవైన, లోపల డొల్లగా ఉన్న స్థూపం! గ్రీకు, రోమన్ పేర్లు అయిపోయి శాస్త్రజ్ఞులు అప్పటికే మన దేవుళ్ల పేర్లు పెడుతున్నారట, అలా దీనికి రామా అని పేరొచ్చింది. క్లార్క్ శ్రీలంకలో స్థిరపడ్డవాడు కదా మరి.

నన్ను కట్టిపడేసింది, దాన్ని పరిశీలించడానికి వెళ్లిన కమాండర్ నార్టన్ బృందం లోపలికి దిగే ఘట్టం. చిమ్మచీకటి. స్థూపం నాలుగు నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంటుంది. నడిమధ్య ఇరుసు దగ్గర మనిషికి బరువే ఉండదు. మెట్లు దిగేకొద్దీ ఒంటికి బరువు వస్తుంది. ఎనిమిది కిలోమీటర్లు దిగి అడుక్కు చేరితే, భూమ్మీది బరువులో సగం దాటుతుంది. స్థూపం నడుముకు వడ్డాణంలా గడ్డకట్టిన సముద్రం. సూర్యుడు దగ్గరపడ్డాక బయటి గోడ ముందు వేడెక్కుతుంది కాబట్టి మంచు అడుగునుంచి కరుగుతుంది. వేడెక్కిన గాలి ఇరుసువైపు లేస్తుంది. నేలతోపాటు గంటకు 700 కిలోమీటర్లకు పైగా తిరిగిన గాలి అది. ఆ వేగం ఎక్కడికి పోతుంది? తుపానే! మాయమంత్రం లేదు, అంతా భౌతికశాస్త్రమే.

మనుషులు మాత్రం పల్చన. నార్టన్ మొహం నాకిప్పటికీ ఊహకు అందదు. రామాను కట్టినవాళ్లు చివరిదాకా కనిపించరు. నాకదే నచ్చింది. రచయిత జెంట్రీ లీతో కలిసి క్లార్క్ తెచ్చిన తరువాయి నవలలు, నన్నడిగితే, చదవకపోయినా నష్టం లేదు.