బొమ్మ విమానాలు - గుమాస్తా రికార్డు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. పెన్షను అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, ఉద్యోగి హక్కు అని 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ విషయం మీద ఏటేటా మన పెద్దలు చక్కగా మాట్లాడుతూనే ఉన్నారు. అందుచేత కార్యదర్శి గారు నాతో, "గురువు గారూ, ఈసారి డి.ఎ. గురించి, బకాయిల గురించి కాకుండా మీ విమానాల గురించి నాలుగు ముక్కలు చెప్పండి. పెన్షనరు కాలక్షేపం ఎలా చేసుకోవాలో అందరికీ తెలుస్తుంది" అన్నారు. ఆయన ఆజ్ఞ శిరసావహిస్తున్నాను. అయితే ఇది ఉత్త కాలక్షేపం కాదని చివరికి మీరే ఒప్పుకుంటారని నా ఆశ.

స్కేలు అనగానే మనకు పే స్కేలు గుర్తుకొస్తుంది. నేను చెప్పే స్కేలు వేరు. దాన్ని 1/72 అంటారు. అసలు విమానంలో 72 అంగుళాలున్నది నమూనాలో ఒక్క అంగుళం అవుతుంది. అంటే ఆరడుగుల మనిషి అంగుళం మనిషైపోతాడన్న మాట. రిటైరైన మర్నాడు ఏదో పని మీద పాత ఆఫీసుకు వెళితే మనం కూడా ఇంచుమించు ఆ స్కేలులోనే కనబడతాం!

నేను 2009లో, 58 ఏళ్ళు నిండాక, ఏజెన్సీలోనే రిటైరయ్యాను. అరకులోనే ఉండిపోయాను. మొదటి ఆరు నెలలు పేపరు చదవడం, మళ్ళీ అదే పేపరు చదవడం. అప్పుడు మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఒక పెట్టె తెచ్చి ఇచ్చాడు. అందులో ప్లాస్టిక్ ముక్కలు, ఒక కాగితం, నీళ్ళలో నానబెట్టి అతికించే స్టిక్కర్లు ఉన్నాయి. ముక్కలన్నీ అతికించి రంగు వేస్తే రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ విమానం తయారవుతుంది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు పదిహేనున్నర సెంటీమీటర్లు. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీ 1953లోనే ఈ స్పిట్‌ఫైర్ పెట్టెను మార్కెట్లోకి తెచ్చింది.

ఇది పిల్లలాట కదా అని అడిగేవారికి ఒక సంగతి చెబుతాను. యుద్ధకాలంలో ఇటువంటి నమూనాలు ఆటవస్తువులు కావు. ఆకాశంలో వస్తున్న విమానం మనదో శత్రువుదో ఆకారం చూసి గుర్తుపట్టడం సైనికులకు నేర్పాలి. దానికోసం 1942లో అమెరికా నౌకాదళం అక్కడి బడిపిల్లలను 5 లక్షల కొయ్య విమానాలు చేసిపెట్టమని కోరింది. అవి కూడా 1/72 స్కేలువే. ముప్ఫై అయిదు అడుగుల దూరంలో ఆ నమూనాను పెట్టి చూస్తే, అర మైలు దూరంలో అసలు విమానం కనబడినట్టు ఉంటుంది. అదీ లెక్క.

ఇక పని విధానం. మన ఆఫీసు భాషలో చెబితే మీకు సులువుగా అర్థమవుతుంది. పెట్టె తెరవగానే ముందు ఇన్‌వర్డు. కాగితంలో ఉన్న జాబితా ప్రకారం ముక్కలన్నీ ఉన్నాయో లేదో టిక్కు పెట్టుకోవాలి. అచ్చు నుంచి వచ్చేటప్పుడు ప్లాస్టిక్‌కు జిడ్డు అంటుకొని ఉంటుంది, దాన్ని సబ్బునీళ్ళతో కడగాలి. లేకపోతే రంగు పట్టదు. ముక్కలు ఒక చట్రానికి అతుక్కొని ఉంటాయి. చేత్తో విరవకూడదు. గోళ్ళ కట్టరుతో కత్తిరించి, సన్నని గరుకు కాగితంతో రుద్దుకోవాలి.

తరువాత డ్రాఫ్టు. ఏ ముక్కనైనా జిగురు లేకుండా ఒకసారి జతపెట్టి చూసుకోవాలి. డ్రాఫ్టు అప్రూవ్ కాకుండా ఫెయిర్ కాపీ టైపు చేయం కదా! ఈ జిగురు మన మైదాపిండి జిగురు వంటిది కాదు. అది ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలనూ ఒకటిగా చేస్తుంది. చుక్క ఎక్కువైతే ముక్కే కరిగిపోతుంది. దాని వాసన పీల్చడం మంచిది కాదు కనుక కిటికీ తెరిచే ఉంచాలి. పైలటు కూర్చునే చోట అద్దం ఉంటుంది. దానికి మాత్రం ఆ జిగురు పనికిరాదు, ఆవిరికి అద్దం మసకబారుతుంది. అక్కడ ఫెవికాల్ వాడాలి. ఆరితే కనబడదు.

ముక్కు కింద చక్రం ఉన్న విమానమైతే ఇంకొక చిక్కుంది. లోపల బరువు పెట్టకపోతే తోక మీద కూలబడుతుంది. వలలకు కట్టే సీసపు గుండ్లు రెండు మూడు ముక్కులో దాచి మూసేస్తాను. తోక కింద చక్రం ఉన్న పాతకాలపు విమానాలకు ఈ బాధ లేదు.

రంగు వేయడానికి అరకు వాతావరణం పెద్ద పరీక్ష. శ్రావణ భాద్రపదాల్లో ఇక్కడ బట్టలే ఆరవు, రంగేం ఆరుతుంది? ఆ తడిగాలిలో వార్నిష్ కొడితే పాలు ఒలికినట్టు తెల్లబారిపోతుంది. పుష్యమాసంలో పది పదకొండింటి దాకా మంచు విడవదు. అందుకని చలికాలంలో ఎండ వచ్చాక పదకొండు నుంచి మూడు వరకే రంగు పని. లేత రంగు ముందు, ముదురు రంగు తరువాత. పలచగా రెండు మూడు పూతలు వేయాలి. స్టిక్కరు అతికించే ముందు నున్నని వార్నిష్ ఒక పూత వేస్తే దాని అంచులు కనబడవు. చేతులు వణుకుతాయి కదా అంటారా? మణికట్లు రెండూ బల్లకు ఆనించి పని చేస్తే వణుకు చాలావరకు అణుగుతుంది. నాకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. భూతద్దం ఉంది. రోజుకు గంట చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ది.6-4-1942న జపాను వారి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ రేవులో ప్రాణనష్టం జరిగింది. పేలకుండా మిగిలిన ఒక బాంబును నేటికీ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో చూడవచ్చు. ఊరు ఊరంతా ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది. మన అరకులోని పద్మాపురం ఉద్యానవనం కూడా ఆ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైనదేనని పెద్దలు చెబుతారు. టికెట్టు కొని లోపలికి వెళ్ళే యాత్రికులలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ఆ రోజుల్లో మా నాన్నగారు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. విశాఖ వన్‌టౌన్‌లో ఒక కిరాణా కొట్లో పద్దులు రాసేవారు. బాంబులు పడ్డ మర్నాడు మా నాయనమ్మను వెంటబెట్టుకుని, ఒక ఇత్తడి బిందె, రెండు దుప్పట్లతో నడిచి కొత్తవలస చేరారు. ఇంటికి తాళం వేశారో లేదో దారి పొడవునా తల్లీకొడుకులు వాదించుకుంటూనే ఉన్నారట. ఆయన ఈ మాట నవ్వుతూనే చెప్పేవారు గాని, ఆకాశంలో విమానం మోత వినబడితే మాత్రం ముసలితనంలో కూడా మాట ఆపేసేవారు.

అందుచేత నాలుగో పెట్టెగా నేను ఆ జపాను విమానాన్నే తెప్పించాను. నకజిమా కంపెనీ వారి బి5ఎన్ రకం. అసలు విమానం రెక్కల వెడల్పు పదిహేనున్నర మీటర్లు, నమూనాలో సుమారు ఇరవై ఒకటిన్నర సెంటీమీటర్లు. ముగ్గురు కూర్చునే విమానం. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడికి వెళ్ళినది కూడా ఈ రకమే. నాకు దొరికిన పెట్టెలో తోక మీద అతికించే నంబర్లు ఆ దాడికి వెళ్ళిన విమానాలవి. వాటిని అతికించలేదు. ఆధారం లేని నంబరు ఫైల్లో వేయకూడదని మనకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నేర్పారు. తోకను ఖాళీగా వదిలేశాను.

"మన ఊరి మీద బాంబులు వేసిన విమానాన్ని ముద్దుగా చేసి బీరువాలో పెట్టుకుంటావేమిటయ్యా?" అని ఒక మిత్రుడు కోప్పడ్డారు. ఆ ప్రశ్నకు జవాబు నాకు తట్టలేదు. జవాబు చెప్పింది మా వీధి చివర ఉండే కుర్రవాడు. హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా నా బల్ల దగ్గర చేరతాడు. ఆ విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అద్దం లోపల ముగ్గురు బొమ్మ మనుషులను లెక్కపెట్టాడు. అప్పుడు నన్ను అడిగాడు:

"తాతా, విమానం లోన ఉన్నోలు ముగ్గురూ ఉన్నారు సరే, మరి కిందనున్నోలు ఏరి?"

సోదరులారా, ముప్ఫై ఏళ్ళకు పైగా ఎన్నో ఆడిట్ అభ్యంతరాలు చూశాను గాని ఇంత సూటిగా అడిగిన ఆడిటరు నాకు తగలలేదు. పెట్టెలో విమానం ఉంది, పైలటు ఉన్నాడు, చక్రం ఉంది, బాంబు కూడా ఉంది. బాంబు పడిన చోటు మాత్రం ఏ పెట్టెలోనూ రాదు. దాన్ని చేర్చవలసినది చేసేవాడే.

ఆ రోజు నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర మన కొండల్లో దొరికేదే కదా. ఆ కర్రతో ప్రతి విమానానికీ ఒక చిన్న పీట చెక్కుతాను. పీట పక్కన ఒక కార్డు పెడతాను. కార్డు మీద నాలుగు గడులు: తేదీ, స్థలం, పైన ఉన్నవారు, కింద ఉన్నవారు. జపాను విమానం కార్డులో నాలుగో గడిలో ఇలా రాశాను: "రేవులో పనివారు, ఊరి జనం. మా నాన్నగారు, మా నాయనమ్మ." కార్డు లేనిది బొమ్మ. కార్డు ఉన్నది రికార్డు. నా మిత్రుడు ఆ కార్డు చదివాక మరి కోప్పడలేదు.

ఈ పద్ధతి వల్ల మన చుట్టూ ఉన్న కొండలు నాకు కొత్తగా కనబడసాగాయి. మనం రోజూ చూసే కొత్తవలస - కిరండోల్ రైలుమార్గం చూడండి. 1960 దశకంలో ఇన్ని సొరంగాలు తొలిచి ఆ లైను వేసింది బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపానుకు పంపడానికే. 1942లో ఏ రేవు మీద బాంబులు వేశారో, పాతికేళ్ళు తిరిగేసరికి అదే రేవు నుంచి అదే దేశానికి ఖనిజం. శత్రువు శాశ్వతం కాదని చెప్పడానికి ఇంతకంటే దాఖలా ఏం కావాలి?

ఇదే లైను పట్టుకుని అవతలికి వెళితే కోరాపుట్ జిల్లా. అక్కడ సునాబెడాలో 1964లో ఏర్పాటైన హెచ్.ఎ.ఎల్. కర్మాగారం మిగ్-21 ఇంజన్లు తయారు చేయడానికి పెట్టినది. నా బీరువాలో మిగ్-21 కూడా ఉంది. రెక్కలు పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ. 1971 డిసెంబరు 14న ఢాకాలో గవర్నరు భవనం మీద దాడి చేసినవి ఈ మిగ్‌లే. రెండు రోజులకు యుద్ధం ముగిసింది. అరవై ఏళ్ళకు పైగా సేవ చేసిన ఆ రకం విమానాలు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వాయుసేన నుంచి రిటైరయ్యాయి. ఆ వార్త చదివి, మనకంటే ఎక్కువ సర్వీసే చేసిందనుకున్నాను.

అదే 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి విశాఖ తీరాన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అది వెతుక్కుంటూ వచ్చిన విక్రాంత్ నౌక నుంచి మర్నాడు సీహాక్ విమానాలు కాక్స్ బజార్ మీద దాడికి లేచాయి. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. ఇళ్ళ కిటికీలకు నల్లకాగితాలు అంటించుకున్నాం. సీహాక్ కార్డులో నాలుగో గడి నింపడానికి నాకు మూడు రోజులు పట్టింది. మన విమానమైనా సరే, కింద ఉన్నవారిని రాయకుండా వదిలేస్తే అది పక్షపాతపు రికార్డు అవుతుంది. ఘాజీలో ఉన్నవారికీ ఇళ్ళున్నాయి, ఎదురుచూసే తల్లులున్నారు.

విశాఖ బీచ్‌లో 2017 నుంచి టి.యు.-142 అసలు విమానమే ఉంది కదా, బొమ్మలెందుకు అని కొందరు అంటారు. తప్పక చూడండి. దాని రెక్కలు సుమారు 50 మీటర్లు. నా స్కేలులో చేసినా 70 సెంటీమీటర్ల దరిదాపు వస్తుంది, నా బీరువాలో పట్టదు! కాని అసలు విమానం ముందు నిలబడితే మనం తల ఎత్తి నోరు తెరుస్తాం. నమూనాను తల వంచి చూస్తాం. తల వంచినప్పుడే మనిషి చదువుతాడని నా అనుభవం.

చివరిగా ఒక విన్నపం. 1942లో విశాఖలో ఉండి ఆ మోత చెవులారా విన్నవారు మన సంఘంలో ఇప్పుడు ఎవరూ లేరు. వారి నోట విన్నవారమే మిగిలాం, మనకూ డెబ్బై దాటాయి. మన తరువాత ఇది విన్నవాడి దగ్గర విన్నవాడి మాట అవుతుంది. అటువంటి సాక్ష్యానికి ఏ ఆఫీసులోనూ విలువ లేదు. కనుక మీ తల్లిదండ్రులు చెప్పిన సంగతులు, 1971లో మీరు స్వయంగా చూసిన సంగతులు, తేదీ, స్థలం, పేరుతో సహా ఒక తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి. మన సంఘం గదిలో ఒక రిజిస్టరు తెరుద్దాం. పేజీ నంబర్లు వేసే బాధ్యత నాది. నా తరువాత ఈ విమానాల రెక్కలు విరిగినా ఫరవాలేదు. కార్డులు మాత్రం పోకూడదు.

ఎవరికైనా ఈ పని నేర్చుకోవాలనుంటే ఎండ కాసే ఏ రోజైనా పదకొండు తరువాత మా ఇంటికి రండి. జిగురు నాది, కాఫీ కూడా నాదే. కాఫీ గింజలు మన అరకువే.