చిన్న వర్తకుని సుంకభారము
(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభలో నన్నుకూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు, విద్యను గూర్చియో వివాహవ్యయములను గూర్చియో మాటలాడుదునని వారు తలచియుందురు. ఆ విషయములను నాకంటె బాగుగ ఎరిగిన పెద్దలు ఈ వేదికపై ఉన్నారు. నేను నలుబది సంవత్సరములు కొట్టులో కూర్చుండినవాడను. నాకు తెలిసినవి చిట్టా, ఆవర్జా, తూకము, బేరము. అందుచేత కొట్టునకు సంబంధించిన మాటయే మీ ముందు విన్నవించుకొందును. నేడు మనలో చిన్న వర్తకుని కుంగదీయుచున్నది పన్ను మాత్రమే కాదు. పన్ను చెల్లించుటకై పడవలసిన పాటు. పన్నునకు ఒక లెక్క ఉన్నది. పాటునకు లెక్క లేదు.

సుంకము మనకు క్రొత్త కాదు. బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఒకప్పుడు గొప్ప రేవు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి శక సంవత్సరము 1166, అనగా క్రీ. శ. 1244-45లో అచ్చట నొక అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము, గాలివానకు చెదరి ఒడ్డున పడిన ఓడలలోని సరకు నంతయు రాజులు బలవంతముగా లాగికొనుచుండిరి. గణపతిదేవు డా దురాచారమును మానిపి, సముద్రయానమునకు సాహసించిన వర్తకులనుండి క్లిప్తసుంకము, అనగా ముందుగా నిర్ణయింపబడిన సుంకము, తప్ప మరేమియు పుచ్చుకొనమని అభయ మిచ్చెను. ఎగుమతికిని దిగుమతికిని ముప్పదింట నొక వంతు అని నిర్ణయించి, కర్పూరము, చందనము, మిరియాలు, పట్టు మొదలైన సరకుల వెలలును సుంకములును రాతిపై చెక్కించెను. కొండవీటి అనపోతరెడ్డి 1358లో అదే రేవున వర్తకులకు మరల అభయశాసన మిచ్చెను.

సోదరులారా! ఆ శాసనములోని ఔదార్యము గొప్పదే. కాని వర్తకుని కంటికి దానిలో అంతకంటె గొప్పది ‘క్లిప్త’ మను మాట. ఓడ బయలుదేరకముందే ఎంత ఇయ్యవలయునో తెలియును. తెలిసిన ఖర్చును వర్తకుడు ధరలో కలుపుకొనును. తెలియని ఖర్చు అతని మూలధనమును తినివేయును.

తరువాతి చరిత్రయు ఈ మాటనే చెప్పుచున్నది. కుంపిణీవారి కాలమున చెన్నపురి రాజధానిలో, సరకు ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవునప్పు డెల్ల సాయరు సుంకము లుండెడివి. ఆ లోనాటి సుంకములు 1844లో తొలగెను. మగ్గముపైనను, అంగడిపైనను, కులవృత్తులపైనను మొహతర్ఫా యను పన్ను మాత్రము నిలిచెను. చెన్నపురిలోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు స్థాపించిన మదరాసు నేటివు అసోసియేషను 1852లో పార్లమెంటునకు పంపిన మహజరులో మొహతర్ఫాను, వీసబడిని ప్రజల బాధలలో చేర్చి చెప్పెను. 1860లో ఆదాయపు పన్ను వచ్చిన పిదప మొహతర్ఫా పోయినది. వర్తకులు ఒకరొకరుగా వీధిలో సణుగుకొనక, కూడి, వ్రాసి, సంతకము చేసి చెప్పుకొనిరని ఇందు మనము గ్రహింపవలయును.

ఇక నేటి సంగతి. దిగుమతి సుంకములను వసూలుచేయు చట్టము 1962 నాటిది. ఏ వస్తువున కెంత యని చెప్పు పట్టిక 1975 చట్టములోనిది. ఆ పట్టికలో ప్రతి వస్తువునకును 8 అంకెల సంఖ్య యుండును. లక్ష రూపాయల విలువగల సరకు తెప్పించితి మనుకొందము. మూలసుంకము నూటికి 10 అయినచో 10,000. దానిపై 2018 నుండి వచ్చిన సాంఘిక సంక్షేమపు అధికసుంకము పదియవ వంతు, 1,000. ఈ మొత్తము 1,11,000 పై నూటికి 18 చొప్పున ఐ.జి.ఎస్.టి. 19,980. వెరసి 30,980 రూపాయలు. కొన్ని సరకులకు 2021లో వచ్చిన వ్యవసాయపు సెస్సు వేరు. మామూలు రిజిస్టరుగల వర్తకునకు ఐ.జి.ఎస్.టి. మొత్తము తరువాతి పన్నులో జమయగును. కాంపోజిషను పద్ధతిలోని చిన్న వర్తకునకు ఆ జమ లేదు. 19,980 రూపాయలును అతని నెత్తిపైననే నిలుచును. సులభమైన పద్ధతి యని చిన్నవానికి చూపిన దారియే ఇచ్చట అతనికి బరువైనది.

ఇది ధనము మాట. పాటు మాట వేరు. దిగుమతిదారుని సంఖ్య తీసుకొనవలయును. మార్పేమియు లేకపోయినను, 2021 నుండి దానిని ప్రతి సంవత్సరము ఏప్రిలు మొదలు జూను లోపల ధ్రువపరుపవలయును; మరచినచో అది నిలిచిపోవును. సరకు రేవు చేరకముందే దాఖలాపత్రము పెట్టవలయును. 2011 నుండి సుంకము నిర్ణయించుకొను బాధ్యతయు మొదట వర్తకునిదే. తప్పినచో తప్పు అతనిదే. పదిలక్షల పెట్టుబడిగల అంగడికిని, వేయి కోట్ల కంపెనీకిని పత్రము లొక్కటే. కంపెనీకి ఇందుకొరకే జీతగాండ్రు గలరు. అంగడివానికి తానే గుమాస్తా, తానే వకీలు, తానే కూలివాడు.

మా మేనల్లున కొకనికి ఇనుప సామానుల కొట్టున్నది. బీరువా సొరుగుల క్రింద జారు లోహపు పట్టాలు విదేశమునుండి మొదటిసారి ఒక కంటైనరు తెప్పించెను. అవి తలుపు బందులవంటి లోహపు అమరికలా, లేక బీరువాలో భాగములా యను ప్రశ్న వచ్చెను. రెంటికిని పట్టికలో వేరువేరు అధ్యాయములు. 2020 నుండి పత్రమును వేరొక ఊరిలోని అధికారి కంప్యూటరులో చూచును. బల్ల బల్లకు తిరుగు పాటు తప్పినందులకు మనము సంతోషింపవలసినదే. కాని ఆ ప్రశ్న ఏజెంటు పేరిట వచ్చి, అతని పెట్టెలో నాలుగు దినములు పడియుండెను. జవాబు చాలదని మరల ప్రశ్న. తుదకు పందొమ్మిదవ దినమున మావాడు మొదట వ్రాసిన సంఖ్యయే సరియైనదని తేలెను. గెలిచితి మని ఇంటికి ఫోను చేసెను. మరునాడు రేవు అద్దెయు, కంటైనరు నిలుపుదల రుసుమును చూచినపుడు, వివాదములో నున్న సుంకముకంటె అవియే ఎక్కువ. అధికారి అన్యాయము చేయలేదు, సందేహము సమంజసమే. ఎవరును దోషులు కాని చోట చిన్నవాడు నష్టపడెను. అతడు నాతో, “మామయ్యా, ఓడిపోయి మొదటి రోజుననే కట్టియున్నచో లాభము మిగిలెడిది” అనెను. న్యాయముగ నడచినవాడు ఇట్లు తలపోయవలసి వచ్చుట మంచిది కాదు.

రేవునకు పోని అంగడివాడు సుఖముగ నున్నాడా యన్నచో, అతని గుమ్మముననే మరియొక భారము గలదు. అది ఆస్తిపన్ను. పూర్వము అద్దె ఎంత వచ్చునో దానినిబట్టి పన్ను కట్టెడివారు. ఆంధ్రప్రదేశమున 2020లో చట్టము సవరించి, 2021 ఏప్రిలు 1 నుండి స్థలము, కట్టడముల మూలధన విలువనుబట్టి వేయు పద్ధతి తెచ్చిరి. నివాసమునకంటె వ్యాపారస్థలమునకు రేటు హెచ్చు. వీధిలో భూమి విలువ పెరిగినచో, పెట్టెలో పైకము పెరుగకున్నను పన్ను పెరుగును. దీనికితోడు వ్యాపారపు లైసెన్సు, 1988 నాటి దుకాణముల చట్టపు రిజిస్ట్రేషను, తూనికరాళ్ల ముద్ర, తినుబండారములైనచో 2006 చట్టపు అనుమతి, వృత్తిపన్ను. వృత్తిపన్నునకు రాజ్యాంగమే సంవత్సరమునకు 2,500 రూపాయల హద్దు పెట్టినది. పత్రముల సంఖ్యకు ఏ రాజ్యాంగమును హద్దు పెట్టలేదు.

ఇచ్చట నా తప్పు నొకదానిని మీ ముందు ఒప్పుకొనవలయును. నేను మా ఊరి సంఘమునకు కార్యదర్శిగా నున్న దినములలో, భర్తను పోగొట్టుకొనిన ఒక సోదరి ఇంటి ముందు గదిలో పచారు కొట్టు నడుపుచుండెను. ఆ గదికి వ్యాపారపు పన్ను. మోకాళ్ల నొప్పులచేత ఆమె కొట్టు మూసివేసెను. కొన్ని నెలలకు నోటీసు పట్టుకొని నా యొద్దకు వచ్చి, “అన్నయ్యగారూ, కొట్టు లేదు గదా, ఇది నేనిప్పుడు కట్టవలయునా?” అని అడిగెను. నేను చదువకయే, “మూసిన కొట్టునకు పన్నేమిటమ్మా, వారే వచ్చి చూచుకొందురు” అంటిని. ఎవరును వచ్చి చూడలేదు. గది నివాసముగ మారినదని వ్రాసి తెలుపవలసినది మనమే. బాకీపై నెలకు నూటికి 2 చొప్పున వడ్డీ. ఆ లెక్కను ఏబది నెలలలో, అనగా నాలుగేండ్ల రెండు నెలలలో, వడ్డీ అసలంత యగును. కుమార్తె పేర ఇల్లు మార్పించుటకు పోయినపుడు ఆ బాకీ బయటపడెను. ఆమె చేతి గాజులు తాకట్టు పెట్టి చెల్లించెను. నన్నొక్క మాట యనలేదు. ఆ నోటీసు చదువుటకు నాకు పావుగంట పట్టియుండెడిది.

సోదరులారా! ఆ పావుగంటయే నేటి నా ఉపన్యాసము. ప్రభుత్వమునకు పన్ను వలదని నే ననుట లేదు. పన్ను లేనిచో వీధిదీపము లేదు, రేవు లేదు, రేవునకు దారియు లేదు. మనలోని లోపమునుకూడ దాచరాదు. సరకు విలువను తగ్గించి దొంగ బీజకములు వ్రాయించు వారు వర్తకులలో లేకపోలేదు. వ్రాసిన విలువ నమ్మదగినది కాదని తోచినచో ప్రశ్నించు అధికారమును 2007 నాటి నియమములు అధికారి కిచ్చినవి. ఒకడు చేసిన మోసమునకు పదుగురు నిజాయితీపరుల కంటైనరులు ఎండలో నిలుచుచున్నవి. కావున తప్పుడు బీజకము వ్రాయించువాడు ప్రభుత్వమునే కాదు, తన తోటి వర్తకునికూడ దోచుచున్నాడని మన మెరుగవలయును.

కర్తవ్య మేమి? మూడు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది. ప్రతి ఊరి సంఘభవనములోను వారమున కొక సాయంకాలము, లెక్కలు తెలిసిన ఒక యువకుడు బల్లవేసికొని కూర్చుండవలయును. కులభేదము లేక, నోటీసు తెచ్చిన ప్రతి చిన్న వర్తకునకు దానిని చదివి అర్థము చెప్పవలయును. ఆస్తిపన్ను అర్ధసంవత్సరపు గడువులు, లైసెన్సుల గడువులు గోడపై వ్రాసియుంచవలయును. ఏప్రిలు నెలలోనే సంవత్సరపు పన్ను మొత్తము చెల్లించువారికి నూటికి 5 తగ్గింపు ఇచ్చుచు వచ్చిరి. అదైనను మనవారు పోగొట్టుకొనరాదు.

రెండవది. క్రొత్తగా దిగుమతి చేయదలచినవారు సరకునకు ఆర్డరు పెట్టకముందే నమూనాతో వచ్చి, దాని 8 అంకెల సంఖ్యను అనుభవజ్ఞులచే తేల్చించుకొనవలయును. సందేహమున్నచో ముందస్తు నిర్ణయము కోరుటకు చట్టములో దారి యున్నది. ఎక్కువ చెల్లించినచో తిరిగి కోరుటకు ఒక సంవత్సరము గడువున్నది. ఇవి తెలిసిన పెద్ద వర్తకులు తెలియని చిన్నవారికి చెప్పుటకంటె మించిన అన్నదానము లేదు.

మూడవది. ప్రభుత్వములకు మన మొక మహజరు పంపవలయును. పన్ను తగ్గింపుమని కాదు. చిన్న వర్తకునకు ఒకే పత్రము, ఒకే గడువు ఏర్పరుపుడని. ప్రశ్న తుదకు వర్తకుని పక్షమున తేలినచో నిలిచిన దినముల భారము అతనిపై పడకుండ చూడుడని. కొట్టు మూసినదని తెలుపుటకు ఒక సంతకము చాలునట్లు చేయుడని. 1852లో మన పెద్దలు సముద్రములు దాటించి మహజరు పంపిరి. మనకు రాజధాని ఒక రాత్రి ప్రయాణము.

పోషకులారా! మీరు సత్రములు కట్టించితిరి, విద్యార్థి వసతిగృహములు నిలిపితిరి. ఈ బల్లకు కావలసినది అంత ధనము కాదు; ఒక దీపము, ఒక కంప్యూటరు, ఓపికగల ఒక మనిషి. నా ఊరిలో ఆ బల్ల వచ్చే నెలనుండి ప్రారంభమగును. మొదటి సాయంకాలము దానివెనుక నేనే కూర్చుండెదను. ఆ సోదరి ఇంకను అదే వీధిలో నున్నది. ఆమె గది వ్యాపారపు పట్టికనుండి తొలగినదో లేదో చూచుటతోనే పని మొదలుపెట్టెదను.